అమెజాన్ పడవ ప్రయాణం: ఎండాకాలం సెలవుల్లోనా, దసరా సెలవుల్లోనా?

నల్లకుంట పాలపిట్ట:
బ్రెజిల్‌లోని మనౌస్ నగరం వెళ్లి, అమెజాన్ ఉపనది రియో నెగ్రోలో పడవ మీద అడవి చూడాలనుకునే హైదరాబాద్ కుటుంబాలకు పిల్లల సెలవులే ముహూర్తం. మే చివర్లో నది నిండుగా ఉంటుంది. దసరాకు అడుగంటుతుంది. ఏటా మట్టంలో తేడా దాదాపు 10 మీటర్లు. నన్నడిగితే మే చివరే.

నిండు నదిలో అడవి నేలంతా మునిగి, పడవ నేరుగా కొమ్మల మధ్యకే పోతుంది. మామూలుగా మెడలు పట్టేసేలా తలెత్తి వెతకాల్సిన కోతులు, స్లాత్‌లు (చెట్లకు వేలాడుతూ మెల్లగా కదిలే జంతువులు) కళ్లకెదురుగా ఉంటాయి. గులాబీ డాల్ఫిన్లు చెట్ల మానుల సందుల్లో ఈదుతాయి. రబ్బరు కాయ టప్పున పగిలి గింజలు నీళ్లలో రాలితే, తంబాకీ చేప పైకొచ్చి ఆ గట్టి గింజను దవడల మధ్య పటుక్కున కొరికేస్తుంది. అక్టోబరులో ఇది చూద్దామన్నా కుదరదు.

ఒకటి గుర్తుంచుకోండి: ఇంజను పడవ అడవి అంచు దాకానే. లోపలికి తెడ్డు పడవే మేలు, అందులో నలుగురికి మించి ఎక్కకూడదు.

గోదారి గట్టు:
పాలపిట్ట గారూ, మీరు చెప్పింది నిజమే గానీ అది సగమే. నీరు పరుచుకుంటే చేపలూ పరుచుకుంటాయి, వాటిని తినేవీ చెదిరిపోతాయి. నేల మీద తిరిగే జంతువులు మునగని మిట్టలకు వెళ్లిపోతాయి. మనకేమో కాలు పెట్టి నడిచే చోటే తక్కువ.

దసరాకైతే ఇసుక తిన్నెలు బయటపడతాయి. మిగిలిన మడుగుల్లోకే చేపలన్నీ చేరతాయి, వాటి కోసం కొంగలు, కైమన్ మొసళ్లు. రాత్రి టార్చిని కంటి ఎత్తున పట్టుకుని అంచు వెంట తిప్పితే ఎర్రగా మెరిసే కళ్లు వరసగా కనబడతాయి. నది తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ తిన్నెల మీదే.

వరదలో ఇంకో చిక్కు. కందిరీగల గూళ్లు సరిగ్గా తల ఎత్తుకు వస్తాయి. నిప్పుచీమలు ముద్దలుగా తేలుతూ దొరికిన కొమ్మకల్లా పాకుతాయి. పడవ ఆపడానికి చెయ్యి చాచి కొమ్మ పట్టుకోవడం మనవాళ్లకు అలవాటు, అక్కడ ఆ పని అసలే వద్దు. ఫొటోలకూ కష్టమే: కొమ్మల కింద చీకటి, పడవ ఊగుడు. షట్టర్ వేగం సెకనులో 1/500కి తగ్గకూడదు, కాబట్టి ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 3200 దాకా పెంచాలి. ట్రైపాడ్ దండగ. ఒళ్లో చిన్న బియ్యం సంచి పెట్టుకుని లెన్స్ దాని మీద ఆనిస్తే చాలు.

నల్లకుంట పాలపిట్ట:
2023 అక్టోబరు సంగతేంటి మరి? మనౌస్ రేవులో మట్టం 12.70 మీటర్లకు పడిపోయింది. 1902 నుంచి ఉన్న లెక్కల్లో అప్పటికి అదే అతి తక్కువ. 2024లో ఆ రికార్డూ పోయింది. అలాంటి ఏడాది పాయలు తెగిపోతాయి, పడవ ఇంజను పంఖా ఇసుక మేటకు తగులుతుంది. సామాను నెత్తిన పెట్టుకుని బురదలో నడవాల్సిందే. పిల్లలతో, ముసలివాళ్లతో అది అయ్యే పనేనా? పైగా 2023లో తెఫే సరస్సులో నీటి వేడి 39 డిగ్రీలు దాటి వందకు పైగా డాల్ఫిన్లు చచ్చిపోయాయి. అలా ఊపిరాడక ఉన్న నదిలోకి ఇంజన్లు వేసుకుని వెళ్లడం నాకు తప్పనిపిస్తుంది.

కొండాపూర్ కెమెరా:
ఇద్దరూ నెల గురించే మాట్లాడుతున్నారు, నీటి రంగు మాట ఎత్తలేదు. రియో నెగ్రోది నల్లనీరు. ఆకుల కషాయం దిగి పులుపెక్కిన నీరు కాబట్టి దోమలు తక్కువ, కానీ పోషకాలూ తక్కువ, జంతువులూ పల్చనే. ఆండీస్ పర్వతాల ఒండ్రు మోసుకొచ్చే సొలిమోయెస్ నది వైపు దోమలు కుడతాయి, జంతువులూ దండిగా ఉంటాయి. జంతువులే కావాలంటే మనౌస్ నుంచి గంట విమానంలో తెఫే వెళ్లి మమిరావా అభయారణ్యం చూడాలి. ఎర్రమొహం, తెల్లవెంట్రుకల ఉవకారి కోతి అక్కడిదే. వరద నెలల్లో జాగ్వార్లు చెట్ల మీదే కాపురముంటాయి. ఆ లెక్కన నా ఓటు మే నెలకే, రియో నెగ్రోకి మాత్రం కాదు.

నిర్వాహకులు:
ఎప్పుడు వెళ్లినా ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి. టీకా కార్డు, టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. అది లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగి ఇండియాలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. 60 దాటినవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

గోదారి గట్టు:
2023 సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అన్ని ఏళ్లూ అలా ఉండవు, తిన్నెల మీద తాబేళ్లు మేలో కనబడవు. దసరాకే వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందు లాడ్జి వాళ్లను మూడు అడగండి: నీరు తగ్గితే పడవ ఎంత దూరంలో ఆగుతుంది, అక్కడి నుంచి నడక ఎంత, లోతు లేని చోటికి రబేటా ఉందా. రబేటా అంటే పొడవాటి కడ్డీ చివర పంఖా ఉండే చిన్న ఇంజను. ఇసుక తగలగానే పైకి ఎత్తేయొచ్చు. మూడింటికీ సూటిగా జవాబు చెప్పని చోట అడ్వాన్సు కట్టొద్దు.