బాలానగర్ షెడ్డు ఎత్తేసి వైజాగ్ వెళ్ళాలా, వద్దా?

బాలానగర్_లేత్:
అందరికీ నమస్కారం. మా సొంతూరు అనకాపల్లి. 2005లో లేత్ తిప్పే టర్నర్‌గా బాలానగర్ వచ్చాను, 2013లో సొంత షెడ్డు పెట్టాను. ఇప్పుడు రెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు), ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్), ఏడుగురు మనుషులు. అంతా జాబ్ వర్కే, అంటే కంపెనీలు అడిగినవి చేసివ్వడం: షాఫ్టులు, బుష్‌లు, వాల్వు భాగాలు.

షెడ్డు ఓనరు స్థలం అమ్మేస్తున్నాడు. మార్చికల్లా ఖాళీ చేయాలి. ఎలాగూ మెషీన్లు కదపక తప్పదు కాబట్టి, కదిపేదేదో వైజాగ్ వైపే కదిపితే ఎలా ఉంటుందని ఆలోచన. అచ్యుతాపురంలో ఒక కంపెనీ ఏడాదిగా నాకు పని ఇస్తోంది, దగ్గరుంటే ఇంకా ఇస్తామంటోంది. అమ్మ అనకాపల్లిలో ఒక్కతే ఉంటుంది.

ఇక్కడ ఇల్లు బాచుపల్లిలో. రాత్రి తొమ్మిదిన్నర లోపు ఇల్లు చేరిన రోజు ఈమధ్య లేదు. పాప ఎనిమిదో తరగతి. మొన్న బడిలో 'మా నాన్న' అని వ్యాసం రాయమన్నారట. మొదటి వాక్యం నుంచి చివరిదాకా ఆదివారం సంగతులే రాసింది. మిగతా ఆరు రోజుల గురించి రాయడానికి దానికి ఏమీ లేదు. ఆ నోట్‌బుక్ చూశాక నాకు నిద్ర పట్టలేదు.

వ్యాపారం పెరగాలి, ఇంట్లోనూ మనిషిలా ఉండాలి. ఈ రెండూ కుదిరే చోటు ఏది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

చర్లపల్లి_పాతకాపు:
తమ్ముడూ, హైదరాబాద్ వదలొద్దు. నీ షెడ్డులో ఉన్న మూడు మెషీన్లు నీ వ్యాపారంలో సగమే. మిగతా సగం వీధిలో ఉంది.

మొన్న నా దగ్గర జరిగింది చెప్తాను. పొద్దున తొమ్మిదికి ఫోను: ఆరు షాఫ్టులు, రేపటికి కావాలి. పదింటికి రాడ్ కోయించి తెచ్చాం. ఒంటిగంటకి లేత్ మీద టర్నింగ్ అయిపోయింది. కీ-వే (షాఫ్టు మీద గాడి) పక్క షెడ్డులో కొట్టించాం. వేడిచేసి గట్టిపరిచే హార్డెనింగ్‌కి ఆటోలో పంపితే రాత్రికి వచ్చాయి, ఒకదానికి సన్నని క్రాక్. మర్నాడు ఏడింటికే ఇంకో రాడ్ తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. మిగతా ఐదూ గ్రైండింగ్ అయ్యేసరికి ఆరోది కూడా వాటితో కలిసింది. సాయంత్రం నాలుగుకి డెలివరీ. ఇందులో నా మెషీన్ మీద జరిగింది ఒక్క టర్నింగే. ఇది వేరే ఊళ్ళో చేయగలవా?

ఈ వీధులు ఒక్కరోజులో తయారు కాలేదు. 1960ల్లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, బీహెచ్ఈఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాయి. 1968లో సీఐటీడీ అనే శిక్షణ సంస్థ మొదలై టూల్ డిజైన్ నేర్పింది. ఇంకా ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ల్యాబులు. వాటిలో పని నేర్చుకున్నవాళ్ళే బయటికొచ్చి ఈ షెడ్లు పెట్టారు. అరవై ఏళ్ళ పనితనం ఇది. లారీలో వేసి తీసుకెళ్ళలేవు.

గాజువాక_ఫిట్టర్:
పెద్దాయన మాటలో నిజముంది కానీ, వైజాగ్‌లో పని తెలిసినవాళ్ళు లేనట్టు మాట్లాడితే ఒప్పుకోను. షిప్‌యార్డు పుట్టింది 1941లో. రిఫైనరీ 1957 నుంచి నడుస్తోంది. పోర్టు, స్టీల్‌ప్లాంటు, నేవీ ఉన్నాయి. గాజువాక ఆటోనగర్‌లో షెడ్లన్నీ వీటి మీదే బతికాయి. కాకపోతే నేను చూసినంతలో ఇక్కడ ఫ్యాబ్రికేషన్, మరమ్మతు పని ఎక్కువ. మైక్రాన్లలో కొలిచే చిన్న పని తక్కువ. మీలాంటి షెడ్డుకు పోటీ తక్కువ, అలాగే పక్కన సాయం చేసేవాళ్ళూ తక్కువ. మెడ్‌టెక్ జోన్ (వైద్య పరికరాల పార్కు) వచ్చాక అలాంటి పనికి కాస్త గిరాకీ కనిపిస్తోంది.

ఒక్క కంపెనీ మాట నమ్ముకుని మాత్రం రావద్దు. ఇక్కడ పెద్ద ప్లాంటులో బిల్లులు ఆగితే వీధంతా ఆగుతుంది. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటు వాటాలన్నీ అమ్మాలని కేంద్రం నిర్ణయించింది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ మధ్య నాలుగేళ్ళూ ఇక్కడ ఎంత టెన్షనో మాకు తెలుసు. గూగుల్ డేటా సెంటర్ వార్తలు చూసి కూడా లెక్కలు వేసుకోవద్దు. అది ఊరికి మంచిదే. కానీ మీరు తిప్పే షాఫ్టులకు అక్కడ పని పెద్దగా ఉండదు.

ఇక బతుకు సంగతి. వైజాగ్ అనగానే బయటివాళ్ళకు బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ పని ఉండేది గాజువాక, పరవాడ, అచ్యుతాపురం వైపు. పోర్టు దగ్గర మా అక్క ఇంట్లో పొద్దున్నే ఊడ్చిన డాబా మీద సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్తే అరికాళ్ళు నల్లబడతాయి. అది బొగ్గు పొడి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. ఇల్లు వెతికేటప్పుడు ఇవి కూడా చూడండి.

మధురవాడ_అమ్మ:
మీ పోస్టులో షెడ్డు ఉంది, పాప ఉంది, అమ్మగారు ఉన్నారు. మీ ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా?

అడగడానికి కారణం ఉంది. మేం 2021లో కొండాపూర్ నుంచి ఇక్కడికి వచ్చాం. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అప్పటికి తొమ్మిదేళ్ళ అనుభవం. ఇంటి నుంచే పని కదా అని వచ్చేశాను. ఏడాది తిరగ్గానే ఆఫీసుకు రమ్మన్నారు. మానేయాల్సి వచ్చింది. ఇక్కడ మళ్ళీ ఉద్యోగం దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది, జీతం మూడో వంతు తగ్గింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ కాదంటే పక్క కంపెనీ ఉంటుంది. ఇద్దరూ సంపాదించే ఇంటికి అది పెద్ద ధైర్యం.

అలాగని వెనక్కి వెళ్ళిపోవాలని లేదు. బాబును బడి నుంచి నేనే తెచ్చుకుంటాను. వారంలో రెండు రోజులైనా ఋషికొండ దగ్గర కాసేపు నీళ్ళలో నిలబడతాం. మా అత్తగారికి ఛాతీనొప్పి వచ్చిన రాత్రి పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. కొండాపూర్‌లో అదే సమయానికి ఎక్కడుండేవాళ్ళమో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక్క జాగ్రత్త. మంచి బళ్ళు, గాలి అని ఇల్లు మధురవాడలో తీసుకుని, షెడ్డు అచ్యుతాపురంలో పెట్టారనుకోండి, మధ్యలో దాదాపు 50 కిలోమీటర్లు. మీ పాప మళ్ళీ ఆదివారం గురించే రాస్తుంది.

తడ_సప్లయర్:
శ్రీసిటీ, నాయుడుపేట కూడా చూడండి. చెన్నై దగ్గర, ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ అన్నీ అక్కడ దొరుకుతాయి. కానీ పెద్ద కంపెనీలు వెండర్‌గా ఒప్పుకోవడానికి చాలా నెలలు తిప్పుతాయి. అన్నాళ్ళు ఈఎంఐలు కట్టే ఓపిక ఉంటేనే.

బెజవాడ_ఆటోనగర్:
1966 నుంచి ఉన్న మా ఆటోనగర్‌ను ఎవరూ తలవలేదేంటి? ఇటు హైదరాబాద్, అటు వైజాగ్, రెండింటికీ లారీ రాత్రికి రాత్రే వెళ్తుంది. వరద అంటారేమో, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచింది నిజమే. వైజాగ్‌కి 2014లో హుద్‌హుద్ తుఫాను రాలేదా? ఎక్కడ పెట్టినా మెషీన్ల పునాది ఎత్తుగా కట్టించి, ఇన్సూరెన్స్ చేయించండి.

చర్లపల్లి_పాతకాపు:
ఇంకో మాట. బాలానగర్ నుంచి బాచుపల్లికి పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. 2021లో ఫ్లైఓవర్ కూడా వచ్చింది. నువ్వు తొమ్మిదిన్నరకు ఇల్లు చేరుతున్నావంటే తప్పు రోడ్డుది కాదు తమ్ముడూ. చివరి పీసు మైక్రోమీటరుతో నువ్వే కొలవాలి, తాళం నువ్వే వేయాలి. ఇదే అలవాటుతో అనకాపల్లి వెళ్తే అక్కడా తొమ్మిదిన్నరే. ఒక సూపర్‌వైజర్‌ను పెట్టుకో.

గాజువాక_ఫిట్టర్:
సూపర్‌వైజర్ జీతం ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్‌లో అద్దెకు పోయేదాంట్లో కొంత మిగిలితేనే కదా. మనిషి తీరును ఊరు కూడా మారుస్తుందండీ. అద్దె తరుముతుంటే ఎవరూ ఏడింటికి లైటు ఆపరు.

లెక్కల_మనిషి:
వేరే రాష్ట్రం కాబట్టి ఏపీలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఓనరు మీరే అయినా తెలంగాణ నంబరు నుంచి ఏపీ నంబరుకి మెషీన్ వెళ్తే అది సరఫరా కిందే లెక్క, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరా మీద పడే జీఎస్టీ) బిల్లు వేయాలి. ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) మాత్రం అదే ఉంటుంది, కొత్త చిరునామా చేర్చితే చాలు. సబ్సిడీలు వచ్చిన రోజు సంతోషించండి, లోను లెక్కలో మాత్రం కలపొద్దు. కంపెనీ దగ్గర పేమెంటు గడువు రాయించుకోండి. చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకూడదని చట్టమే చెబుతోంది.

బాలానగర్_లేత్:
అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలకు మళ్ళీ వచ్చాను.

మధురవాడ అక్కా, మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఆవిడను అడగకుండానే ఇక్కడ పోస్టు పెట్టాను, అది నా తప్పే. అడిగితే ఒక్కటే మాట చెప్పింది: పాప పదో తరగతి అయ్యేదాకా బడి మార్చేది లేదని.

అనకాపల్లి వెళ్ళి నాలుగు రోజులున్నాను. అచ్యుతాపురం కంపెనీవాళ్ళను ఏడాదికి ఎంత పని ఇస్తారో కాగితం మీద రాసివ్వమన్నాను. నోటిమాట చాలదా అన్నారు. హార్డెనింగ్‌కి రెండు చోట్ల అడిగాను, మూడు రోజులు అన్నారు. చర్లపల్లి అన్నా, అప్పుడు మీ ఆరు షాఫ్టులే గుర్తొచ్చాయి.

అందుకని అంతా ఎత్తేయడం లేదు. వీఎంసీ, కొత్త సీఎన్‌సీ జీడిమెట్లలో చిన్న షెడ్డుకు మారుస్తున్నాను. పాత సీఎన్‌సీ ఒక్కటి అనకాపల్లి పంపుతున్నాను. మా అన్న కొడుకు ఐటీఐ చేసి ఇక్కడే నా దగ్గర రెండేళ్ళు మెషీన్ తిప్పాడు, వాడే చూసుకుంటాడు, నానమ్మ దగ్గరే ఉంటాడు. హార్డెనింగ్ అక్కర్లేని బుష్‌లు వాడు చేస్తాడు, మిగతావి నేను. అచ్యుతాపురం వాళ్ళు నిజంగా పని పెంచితే రెండేళ్ళ తర్వాత, పాప పదో తరగతి అయ్యాక మళ్ళీ చూస్తాం.

తాళాలు మా సీనియర్ ఆపరేటర్‌కి ఇచ్చాను. మొదటి రోజు ఇంటి నుంచి మూడుసార్లు ఫోను చేశాను. నిన్న ఒక్కసారే.

ఇప్పుడు ఒక సాయం కావాలి. అనకాపల్లిలో బైపాస్ పక్కన రేకుల షెడ్డు చూశాం, సింగిల్ ఫేజే ఉంది. త్రీ ఫేజ్, 20 హెచ్‌పీ లోడు కొత్తగా తీసుకోవాలి. ఈమధ్య అక్కడ కనెక్షన్ తీసుకున్నవాళ్ళుంటే ఎన్ని రోజులు పట్టిందో, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మీ మీద వేశారో లేదో చెప్పండి.