ఆట నడుస్తోంది, తెర మీద బొమ్మ లేదు: 1982 నాటి ఆర్కేడ్ మానిటర్

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1982 నాటి మిస్ ప్యాక్‌మ్యాన్ ఆర్కేడ్ కేబినెట్ ఉంది, నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె. ఇక్కడ ఒకరి గరాజ్‌లో మూలన పడి ఉంటే కొనుక్కొచ్చాను. చిన్నప్పుడు విజయవాడలో గేమ్ పార్లర్ గుమ్మం దగ్గర నిలబడి, ఎవరో ఆడుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే పాత ట్యూబు పీకేసి ఎల్‌సీడీ బిగించమని అందరూ చెబుతున్నా నాకు మనసొప్పడం లేదు.

లోపల ఉన్నది 19 అంగుళాల ఎలక్ట్రోహోమ్ జీ07 మానిటర్. మూడు నెలలు బాగానే నడిచింది. పోయిన ఆదివారం ఆడుతుండగా టప్పుమని శబ్దం వచ్చి తెర నల్లబడింది. ఆట మాత్రం నడుస్తూనే ఉంది. నాణెం వేస్తే చప్పుడు, స్టార్ట్ నొక్కితే పాట, అన్నీ వస్తున్నాయి. ట్యూబు మెడలో ఎర్రటి వెలుగు లేదు. మానిటర్ ఛాసిస్ (సర్క్యూట్ బోర్డు ఉన్న ఫ్రేము) మీది ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే ఆన్ చేసిన క్షణంలోనే అదీ పోయింది. ఇంకాస్త ఎక్కువ యాంపియర్ల ఫ్యూజు వేసి చూడనా? మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ వచ్చు.

జవాబు (తెనాలి నుంచి)

బాబూ, పెద్ద ఫ్యూజు ఆలోచన వెంటనే మానెయ్యి. ఇప్పుడు ఒక ట్రాన్సిస్టర్‌తో పోయేది, అప్పుడు బోర్డు మీది రాగి పట్టీలతో సహా కాలిపోతుంది. ఛాసిస్ మీద ఏ విలువ రాసి ఉంటే అదే వెయ్యాలి.

నేను 1986 నుంచి టీవీలు బాగుచేసినవాణ్ణి. ఆర్కేడ్ మానిటర్ అంటే ట్యూనరూ స్పీకరూ లేని కలర్ టీవీయే. నువ్వు రాసిన గుర్తుల్లోనే సగం జవాబు ఉంది. ఆట బోర్డు సప్లై వేరు, మానిటర్ సప్లై వేరు, కాబట్టి పాట రావడంలో వింత లేదు. మెడలో వెలిగే హీటరుకి కరెంటు, ట్యూబుకి వేల వోల్టులు పుట్టించే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వస్తుంది. అమెరికాలో దాన్ని ఫ్లైబ్యాక్ అంటారు. హీటరు వెలగలేదంటే లైన్ సెక్షన్, అంటే బొమ్మని అడ్డంగా సాగదీసే భాగం, నడవడం లేదు. ఫ్యూజు వెంటనే పోతోందంటే ఎక్కడో పూర్తి షార్ట్ ఉంది. బ్రిడ్జి డయోడ్లు, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్, లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, ఈహెచ్‌టీ: నా అనుమానం వీటి మీదే, అందులోనూ చివరి రెండింటి మీద ఎక్కువ.

చెయ్యి పెట్టే ముందు ఇది చదువు. 19 అంగుళాల కలర్ ట్యూబు ఆనోడ్ దగ్గర ఇరవై వేల వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకినా ట్యూబు గాజే కెపాసిటర్‌లా ఆ ఛార్జిని పట్టి ఉంచుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్‌కి తీగ చుట్టి, ఆ తీగ రెండో కొసను ట్యూబు వెనక నల్లపూత మీద ఆనుకుని ఉండే అల్లిక తీగకి బిగించు. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను ఆనోడ్ తీగ మీది రబ్బరు కప్పు కిందికి పోనివ్వు. చిటుక్కుమనొచ్చు. కాసేపాగి మళ్ళీ చెయ్యి, ఎందుకంటే ఛార్జి కొంత తిరిగి పోగవుతుంది. ట్యూబు మెడ చాలా సున్నితం. బోర్డు లాగేటప్పుడు పక్కకి వంచావా, విరిగి గాలి చొరబడి ట్యూబు పనికిరాకుండా పోతుంది. ఇంకో ట్యూబు దొరకడం ఇంకో ఛాసిస్ దొరికినంత తేలిక కాదు.

ఇంకో మాట. ఈ మానిటర్‌ని నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టకూడదు. కేబినెట్ అడుగున ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే కరెంటు ఇవ్వాలి. లేకపోతే ఛాసిస్ లోహానికే షాక్ ఉంటుంది. ఇలాంటి మానిటర్లు ఇండియాకి తెచ్చుకునేవాళ్ళు కూడా గుర్తుంచుకోండి: 230ని 110కి దించే డబ్బాల్లో చాలావాటి లోపల ఆటో ట్రాన్స్‌ఫార్మరే ఉంటుంది. అది వోల్టేజీ తగ్గిస్తుంది కానీ ఐసొలేషన్ ఇవ్వదు.

ప్రశ్నించినవారు

చాలా థాంక్స్ మాస్టారూ. మీరు చెప్పినట్టే డిశ్చార్జి చేశాను, చిన్నగా చిటుక్కుమంది. ఛాసిస్ బయటికి తీశాను. నాలుగు డయోడ్లూ ఒకవైపే చూపిస్తున్నాయి. పక్కన రేకుకి రెండు స్క్రూలతో బిగించిన లోహపు ట్రాన్సిస్టర్ ఉంది, 2ఎస్‌డీ870 అని రాసి ఉంది. దాని బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య కొద్ది ఓములే చూపిస్తోంది. కలెక్టర్, ఎమిటర్ మధ్య రెండువైపులా సున్నా. కొత్తది ఆర్డర్ పెట్టేయనా?

జవాబు (తెనాలి నుంచి)

బేస్, ఎమిటర్ మధ్య తక్కువ ఓములు చూసి భయపడకు. బోర్డు మీద ఉండగా కొలిస్తే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు వాటికి అడ్డంగా ఉంటాయి. కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి రెండువైపులా సున్నా రావడమే అసలు సంగతి. దాని లోపల డ్యాంపర్ డయోడ్ ఉంది కాబట్టి ఒకవైపు చూపించాలి, రెండోవైపు చూపించకూడదు. ట్రాన్సిస్టర్ విప్పేసి మళ్ళీ కొలువు. అప్పుడూ సున్నాయే అయితే అది పోయినట్టే.

ఆర్డర్ పెట్టు, రెండు తెప్పించు. కానీ వచ్చీ రాగానే బిగించి ఆన్ చెయ్యకు. ఈ రిపేరులో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. దాన్ని చంపింది ఏదో అక్కడే కూర్చుని ఉంది, కొత్తదాన్నీ రెండు సెకన్లలో చంపుతుంది.

ట్రాన్సిస్టర్ లేకుండానే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఫ్యూజు తీసేసి ఆ రెండు క్లిప్పుల మధ్య 100 వాట్ల బల్బు కట్టు. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీతో పని జరగదు. ఇదే మా సీరీస్ బల్బు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది, బోర్డులో ఇంకేదీ కాలదు. షార్ట్ లేకపోతే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది.

షార్ట్ లేదని తేలాక ఆ బల్బు తీసి సరైన ఫ్యూజు వెయ్యి. ఇప్పుడు ఇంకో బల్బు, 60 వాట్లది, బీ ప్లస్‌కీ (సప్లై నుంచి లైన్ సెక్షన్‌కి వెళ్ళే డీసీ వోల్టేజీ) గ్రౌండ్‌కీ మధ్య కట్టు. లైన్ సెక్షన్ లేని లోటు అది తీరుస్తుంది, సుమారు అర యాంపియర్ లాగుతుంది. దాని మీద మీటరు పెట్టి చూడు. ఈ మోడల్‌కి బీ ప్లస్ 120 వోల్టులు. 150, 160 చూపించి, అడ్జస్ట్‌మెంట్ తిప్పినా దిగకపోతే రెగ్యులేటర్ పోయినట్టు, నీ ట్రాన్సిస్టర్‌ని చంపింది అదే. 120 నిలకడగా ఉంటే సప్లై నిర్దోషి, ఈహెచ్‌టీ వైపు నడువు.

జవాబు (హనుమకొండ నుంచి)

తమ్మీ, మాస్టారు చెప్పింది కరెక్టే. నేను గేమ్ మిషన్లు నడిపినోణ్ణి కాబట్టి రెండు ముచ్చట్లు కలుపుతా. డీగాసింగ్ కాయిల్ (తెర మీది అయస్కాంత మరకలు పోగొట్టే చుట్ట) ప్లగ్ కూడా తీసి చూడు. దాని థర్మిస్టర్ పోయినా ఫ్యూజు ఇట్లనే పోతది. ఇంకోటి, కొత్త ట్రాన్సిస్టర్ కింద మైకా ముక్క మర్చిపోకు. ఆ లోహపు డబ్బానే కలెక్టర్. మైకాకు రెండు దిక్కులా తెల్ల పేస్టు పల్చగా రాయి, బిగించినంక డబ్బాకూ రేకుకూ మధ్య కంటిన్యుటీ రావద్దు. నడుస్తున్నప్పుడు ఆ డబ్బా మీద మీటరు పెట్టేవు, వెయ్యి వోల్టుల దాకా పల్సులు ఉంటయి, మీటరు పోతది.

ప్రశ్నించినవారు

విప్పి కొలిచినా సున్నాయే మాస్టారూ. సీరీస్ బల్బు మెరిసి మసకబారింది. 60 వాట్ల బల్బు మీద 121 వోల్టులు, పది నిమిషాలు కదల్లేదు. డీగాసింగ్ కాయిల్ బాగానే ఉంది అన్నా. ఫ్లైబ్యాక్ మీద నలభయ్యేళ్ళ దుమ్ము ఉంటే బ్రష్‌తో తుడిచాను. దాని ఒంటి మీద వెంట్రుకవాసి చీలిక కనిపిస్తోంది, అంచున గోధుమరంగు మచ్చ ఉంది.

జవాబు (తెనాలి నుంచి)

దొరికింది దొంగ. లోపలి చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. అది ఓమ్ మీటరుకి అందదు, రెండు చుట్లు అంటుకుంటే ఓముల్లో తేడా కనిపించదు కదా. రింగ్ టెస్టర్ ఉంటే తేలుతుంది. చీలిక కంటికే కనిపిస్తున్నప్పుడు నేనైతే టెస్టర్ కోసం ఆగను.

ఈ మోడల్‌కి కొత్త ఫ్లైబ్యాక్‌లు అమెరికాలో ఇప్పటికీ అమ్ముతున్నారు. దానితోపాటు బీ ప్లస్ లైన్ మీది ఫిల్టర్ కెపాసిటర్ కూడా మార్చు. 105 డిగ్రీలది తీసుకో, వోల్టేజీ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువది వద్దు. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళకీ, విడ్త్ కాయిల్ కాళ్ళకీ కొత్త లెడ్డు (సోల్డరు) పట్టించు. బేస్‌కి డ్రైవ్ సరిగ్గా అందకపోయినా లైన్ ట్రాన్సిస్టర్ వేడెక్కి చస్తుంది. మిగతా కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చెయ్యమని చాలామంది చెబుతారు. మార్చాలి, కాదనను. కానీ సెట్టు చచ్చి ఉండగా ముప్పై భాగాలు మార్చి, వాటిలో ఒకటి తిరగేసి పెట్టావంటే, పాత జబ్బేదో కొత్త జబ్బేదో నీకే తెలియకుండా పోతుంది. ముందు వెలుగు రానీ.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఫ్యూజు చోట మళ్ళీ సీరీస్ బల్బే ఉంచు. బల్బు మసకబారితే, ముంజేతిని తెర దగ్గర పెట్టి చూడు. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే ఈహెచ్‌టీ వచ్చినట్టే.

ప్రశ్నించినవారు (పన్నెండు రోజుల తరవాత)

వెంట్రుకలు లేచాయి మాస్టారూ! మెడలో ఎర్రగా వెలిగింది. బల్బు తీసి సరైన ఫ్యూజు వేశాను, నిలిచింది. కానీ బొమ్మ రాలేదు. తెర మధ్యలో పైనుంచి కిందిదాకా ఒకే ఒక్క తెల్లటి నిలువు గీత.

జవాబు (తెనాలి నుంచి)

ముందు స్క్రీన్ కంట్రోల్ (తెర వెలుగు మార్చే నాబ్) తగ్గించు, లేకపోతే ఆ గీత చోట తెర లోపలి ఫాస్ఫర్ పూత మాడి శాశ్వతంగా మచ్చ పడుతుంది. నిలువు గీత అంటే బొమ్మ అడ్డంగా సాగడం లేదు. ఈహెచ్‌టీ ఉంది కాబట్టి లైన్ సెక్షన్ బతికే ఉంది. యోక్‌లో (ట్యూబు మెడకి తొడిగిన కాయిళ్ళు) హారిజాంటల్ కాయిల్ ఓపెన్ అయిందేమో, దాని ఓములు కొలువు.

జవాబు (హనుమకొండ నుంచి)

మాస్టారూ, ఒక్క నిమిషం. ప్యాక్‌మ్యాన్ కేబినెట్ల ట్యూబు టీవీ లెక్క ఉండదు, పక్కకు తిప్పి బిగిస్తరు. ఆడేటోనికి నిలువుగా కనబడే గీత, ట్యూబుకు అడ్డగీత. అంటే హారిజాంటల్ మంచిగనే ఉంది, పోయింది వర్టికల్, బొమ్మను నిలువుగా సాగదీసేది. తమ్మీ, ఛాసిస్ బయటకు తీసినప్పుడు యోక్ ప్లగ్ గుంజినవ్ కదా? ఆ పిన్నుల కాడ అడుగున లెడ్డు చూడు.

జవాబు (తెనాలి నుంచి)

నిజమే. ట్యూబు తిరిగి ఉందన్న సంగతి నాకు తట్టలేదు. నా మాట పక్కన పెట్టి, ఆయన చెప్పినట్టు చెయ్యి బాబూ. పిన్నులు బాగుంటే అప్పుడు వర్టికల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గరికి వద్దాం.

ప్రశ్నించినవారు

భూతద్దం పెట్టి చూస్తే యోక్ కనెక్టర్‌లో ఒక పిన్ను చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు ఉంది. వేలితో కదిపితే పిన్ను కదులుతోంది. పాత లెడ్డు పీల్చేసి, ఆ వరసలోని పిన్నులన్నింటికీ కొత్తది పట్టించాను. ఆన్ చేయగానే ఆటలోని చిక్కుదారుల బొమ్మ మొత్తం వచ్చింది, నాలుగు దయ్యాలతో సహా!

రెండు చిన్న విషయాలు మిగిలాయి. బొమ్మ మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీతలు, ఒక అంచున బొమ్మ కాస్త మడత పడినట్టు ఉంది.

జవాబు (తెనాలి నుంచి)

తెల్ల గీతలకి స్క్రీన్ కంట్రోల్ మెల్లగా తగ్గించు. చీకటి గదిలో చూస్తూ, నలుపు నిజంగా నల్లగా కనిపించే చోట ఆపు. మడత మాత్రం వర్టికల్ సెక్షన్‌లో ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల పని. మిగతావన్నీ మార్చాల్సింది ఇప్పుడు. ఒక్కొక్కటే తీసి, దాని ప్లస్ మైనస్ చూసి, కొత్తది పెట్టాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యి. అన్నీ అయ్యాక బీ ప్లస్ మళ్ళీ కొలువు.

ప్రశ్నించినవారు

కెపాసిటర్లు మార్చాను, మడత పోయింది. బీ ప్లస్ 120 దగ్గర పెట్టాను. రెండు గంటలు నడిపి, ప్లగ్ పీకి, డిశ్చార్జి చేసి ముట్టుకుంటే లైన్ ట్రాన్సిస్టర్ గోరువెచ్చగానే ఉంది. ఫ్యూజు విలువ, బీ ప్లస్ వోల్టేజీ, ‘ట్యూబు పక్కకి తిప్పి ఉంది’ అన్న మాట ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి కేబినెట్ తలుపు లోపల అతికించాను. మాస్టారికీ, హనుమకొండ అన్నకీ నమస్కారాలు.