పాత చెక్క సామానుకి పెయింట్ వేయొచ్చా, వేస్తే పాడుచేసినట్టేనా?

కొత్తకాపురం
సెకండ్ హ్యాండ్‌లో నాలుగు సొరుగుల చెక్క బీరువా ఒకటి తీసుకున్నాను, నడుము ఎత్తుంటుంది. కట్టుబడి గట్టిగా ఉంది, సొరుగులు ఎక్కడా పట్టేయట్లేదు. కానీ పాలిష్ నల్లబడిపోయింది, పైన వేడి గ్లాసులు పెట్టిన తెల్ల వలయాలు ఉన్నాయి, చిన్న గదిలో పెట్టేసరికి ఆ మూలంతా చీకటైపోయింది. లేత ఆకుపచ్చ పెయింట్ వేసి పిడులు మార్చేద్దామని నా ఆలోచన. మా బావగారు మాత్రం ఒప్పుకోవట్లేదు. ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదట, దాని మీద పెయింట్ వేయడం కంటే అక్కర్లేదని వేరేవాళ్ళకి ఇచ్చేయడం మంచిదట. ఇంట్లో రోజూ ఇదే వాదన. నా డబ్బు పెట్టి, నా ఇంట్లో వాడుకోవడానికి కొన్న వస్తువు కదా, నాకు నచ్చినట్టు చేసుకుంటే తప్పేంటో సూటిగా చెప్పండి.

రంగులడబ్బా
తప్పేం లేదు, వేసేయండి. ఈ "అసలు చెక్క" గోల వల్ల ఎన్ని మంచి వస్తువులు ఎవరికీ పట్టకుండా మూలనపడి పోతున్నాయో నాకు తెలుసు. కొత్తగా కొనేవాళ్ళకి ముదురు గోధుమ రంగు అక్కర్లేదు, కాబట్టి కొనరు, కొనకపోతే అది చివరికి చెత్తలోకే. పెయింట్ వేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో బతుకుతుంది. 1990లో యానీ స్లోన్ అనే ఆవిడ చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే పెయింట్) తెచ్చాక ఈ పని ఎవరైనా చేసుకునేంత తేలికైంది, చాలా వస్తువులకి గీకే పని కూడా ఉండదు. దుమ్ము, జిడ్డు బాగా తుడిచి రెండు పూతలు వేసి పైన మైనం పట్టించడమే.

ఇంకో మాట. చెక్క అంటే పాలిష్ తోనే ఉండాలన్నది ఎవరు పెట్టిన రూలు? యూరప్‌లో పాత పైన్ చెక్క సామాను చాలావరకు మొదటినుంచీ పెయింట్ వేసి అమ్మినదే, చెక్క చవకది కాబట్టి. 1970ల్లో చెక్క కనపడాలనే ఫ్యాషన్ వచ్చి, ఆ పెయింటంతా కాస్టిక్ సోడా తొట్లలో ముంచి ఊడదీశారు. అంటే అసలైనదాన్ని పాడుచేసింది అక్కడ చెక్క ప్రేమికులే.

చిత్రిక
పైన్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఉదాహరణ మీ వాదనకి కాదు, నా వాదనకి పనికొస్తుంది. అప్పుడూ జరిగింది ఇదే కదా, వస్తువు ఏంటో చూడకుండా ఆ ఏడాది ఫ్యాషన్‌ని బట్టి వెనక్కి తీసుకోలేని పని చేసేశారు.

కొత్తకాపురం గారూ, పెయింట్ వేయాలా వద్దా అన్నది తర్వాత, ముందు మీ దగ్గరున్నది ఏంటో చూడండి. ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించండి. ముందు పలక, పక్క పలక కలిసే మూల దగ్గర వేళ్ళు కోర్చినట్టు అతుకులు ఉంటే అది డవ్‌టెయిల్. ఆ పళ్ళు అన్నీ ఒకే కొలతలో అచ్చు గుద్దినట్టుంటే మెషిన్ పని, ఒకటి వెడల్పు ఒకటి సన్నం ఉండి పక్కన వడ్రంగి కొలతకి గీసుకున్న గుర్తు గీత సన్నగా కనిపిస్తే చేతిపని. ఇక వెనక పలకకి కొట్టినవి మేకులా స్క్రూలా చూడండి. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల తర్వాతే వచ్చాయి, అవి మొదటినుంచీ ఉన్నవైతే వస్తువు అంతకంటే పాతది కాదు, కాకపోతే రిపేరులో మార్చి ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్కదాన్నే నమ్మకూడదు.

తర్వాత పాలిష్. కంటికి కనపడని చోట, కాలి లోపలివైపు అనుకోండి, దూదితో స్పిరిట్ ఒక చుక్క అద్దండి. నిమిషంలో జిగటగా అయితే అది లక్క పాలిష్, అంటే షెల్లాక్. లక్కపురుగు నుంచి వచ్చే లక్కే అది. దీని గొప్పతనం ఏంటంటే, కొత్త పూత వేస్తే పాత పూతలో కరిగి కలిసిపోతుంది, మొత్తం గీకక్కర్లేదు. మీరు చెప్పిన తెల్ల వలయాలు కూడా చెక్కకి పట్టినవి కావు, పై పొరలో తేమ చిక్కుకుంటే అలా తెల్లబడుతుంది, స్పిరిట్ తడి తగిలీ తగలనట్టున్న గుడ్డని ఊరికే అలా తాకించి తీసేస్తే చాలావరకు పోతుంది. నల్ల వలయాలైతే వేరే కథ, అప్పుడు నీళ్ళు చెక్కలోకి దిగినట్టు. ఇంక నల్లబడడం అంటారా, సగానికి సగం అది పాలిష్ రంగు కాదు, ఏళ్ళ తరబడి పట్టిన మైనం, చేతి జిడ్డు. టర్పెంటైన్‌తో ఒక జానెడు మేర తుడిచి చూడండి, గుడ్డ ఏ రంగులోకి వస్తుందో.

పెయింట్ వేశాక మళ్ళీ తీసేయొచ్చు కదా అంటారు చాలామంది. టేకు, ఓక్ లాంటి చెక్కకి సన్నటి రంధ్రాలుంటాయి, పెయింట్ వాటిలోకి దిగాక పైదంతా ఊడదీసినా లోపల తెల్ల చారల్లా మిగిలిపోతుంది. చవక చెక్క పైన అతికించిన పల్చటి మంచి చెక్క పొర, అంటే వెనీర్ అయితే ఇంకా కష్టం, ఈ రోజుల్లో వచ్చే వెనీర్ అర మిల్లీమీటరు పైచిలుకే, సాండింగ్ మెషిన్ పెట్టి ఒకచోట రెండు క్షణాలు ఎక్కువ ఆపితే కింది చవక చెక్క బయటపడుతుంది. దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

రంగులడబ్బా
మీరు చెప్పింది పని తెలిసినవాళ్ళకి బాగుంటుంది చిత్రిక గారూ. ఉద్యోగం చేసుకుంటూ చిన్న ఇంట్లో ఉండేవాళ్ళకి స్పిరిట్, లక్క, పూత మీద పూత ఎక్కడ కుదురుతుంది? పైగా సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా వచ్చేవి చేతిపని వస్తువులు కావు, ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో చేసినవి. టోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్ళ 14వ నంబరు కుర్చీ తెలిసే ఉంటుంది, 1859లో మొదలైంది, ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే మొత్తం కుర్చీ, విడదీసి పెట్టెల్లో పంపేవారు, కోట్లలో అమ్ముడైంది. అలాంటి కుర్చీ ఒకదానికి ఎవరైనా నల్ల రంగో నీలమో వేసుకుంటే ప్రపంచానికి ఏం నష్టం? అరుదైనదాన్ని కాపాడదాం, నేనూ ఒప్పుకుంటాను. ప్రతి గోధుమ రంగు బల్లా అరుదైనదే అనడమే నాకు నచ్చనిది.

అమ్మమనసు
మీ ఇద్దరూ అసలు విషయం వదిలేశారు, అందుకే మధ్యలో వస్తున్నాను. వస్తువు మీద ఇప్పటికే పాత పెయింట్ ఉంటే దయచేసి పొడిగా గీకకండి. పాత పెయింట్లలో సీసం ఉండేది, అమెరికాలో ఇళ్ళకి వాడే పెయింట్లలో దాన్ని ఆపిందే 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా ఆపారు. గీకినప్పుడు లేచే ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఎంత కొంచెమైతే పర్వాలేదు అన్న లెక్క లేదు దానికి. తడిపి గీకాలి, లేదా గీకకుండానే పైన మంచి ప్రైమర్ వేసి మూసేయాలి. పాత ఉయ్యాలలు, చంటిపిల్లల మంచాలు అయితే ఎంత ముచ్చటగా ఉన్నా వాడుకకి కొనొద్దు, కమ్ముల మధ్య సందు ఎక్కువుంటే పిల్లల తల ఇరుక్కుంటుంది. మెత్త ఉన్న కుర్చీలైతే కుట్ల వెంట నల్లటి చుక్కలున్నాయేమో టార్చి వేసి చూడండి, నల్లి ఇంట్లోకి వచ్చిందంటే ఇంక నిద్ర ఉండదు.

కిటికీపక్క
నాది వేరే మాట. గది చీకటైందని బీరువాకి రంగు మార్చడం ఎందుకు, ముందు దాని చోటు మార్చి చూడండి. కిటికీ ఉన్న గోడకే ఆనించి పెడితే వెలుతురు మన కళ్ళలో పడుతుంది, బీరువా నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. అదే కిటికీకి ఎదురు గోడకి పెడితే వెలుతురు నేరుగా చెక్క మీద పడి రంగు, చారలు బయటికొస్తాయి. ఇంకోటి, తెల్ల గోడ ముందు ముదురు చెక్క ఉన్నదానికంటే ఇంకా ముదురుగా కనిపిస్తుంది. వెనక గోడ ఒక్కటి మట్టిరంగో, బూడిద ఆకుపచ్చో వేస్తే ఆ తేడా తగ్గి చెక్క వెచ్చగా కనిపిస్తుంది. గోడకి వేసిన రంగు నచ్చకపోతే మళ్ళీ వేసుకోవచ్చు కూడా. నేలకి ఆనుకున్న వస్తువైతే కింద పొట్టి కాళ్ళు బిగించండి, కింద నేల కనిపిస్తే గది పెద్దదిగా అనిపిస్తుంది, తుడవడానికీ సులువు. పాత వస్తువులతో ఇల్లు అందంగా కనపడాలంటే గదికి ఒక్క బరువైన ముక్క చాలు, చుట్టూ ఉన్నవి తేలిగ్గా ఉండాలి. నాలుగు ముదురు ముక్కలు ఒకే గదిలో కూర్చితే ఏ పెయింటూ దాన్ని కాపాడదు.

ఎండ నేరుగా తగలకుండా మాత్రం చూసుకోండి, వాల్‌నట్ ఎండకి వెలిసిపోతుంది, చెర్రీ చెక్క ఇంకా ముదురుతుంది.

కొత్తకాపురం
అందరికీ థాంక్సండీ. చిత్రిక గారూ, మీరు చెప్పినట్టే చూశాను. సొరుగు మూలల్లో పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పక్కన సన్న గీత కూడా ఉంది. స్పిరిట్ అద్దిన చోట జిగట వచ్చింది. తుడిచిన గుడ్డ మాత్రం కాఫీ రంగులోకి వచ్చింది, కింద ఎర్రటి చెక్క కనిపించింది, నేను అనుకున్నంత నలుపు కాదు. కానీ ఒక పక్క పలక పూర్తిగా వేరే చెక్క, ఎవరో ఎప్పుడో ప్లైవుడ్ పెట్టి మార్చేశారు. అది ఎలా కలుస్తుంది?

చిత్రిక
అదిగో, వస్తువంతా అలాంటిదే అయితే పెయింట్ వేయండి, నేనే చెబుతున్నాను. పార్టికల్ బోర్డు, ప్లైవుడ్, పొర ఊడిన లామినేట్, వెనీర్ సగానికి పైగా లేచిపోయి తిరిగి అతకనిది, వీటికి పెయింటే సరైన పని. గట్టి చెక్క మీద పాత పూత ఆరోగ్యంగా ఉంటే మాత్రం దాని జోలికి పోకూడదు, ఈ మాటలో నేను వెనక్కి తగ్గను. మీ బీరువాలో మారింది ఆ పలక ఒక్కటే కాబట్టి, అది గోడవైపుకి వస్తే అలాగే వదిలేయండి, బయటికి కనిపించేలా ఉంటే పక్క చెక్క రంగుకి దగ్గరగా ఉన్న స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పల్చటి రంగు) వేసి పైన లక్క పూయండి.

రంగులడబ్బా
ఎగుడుదిగుడు పళ్ళు, లక్క పూత రెండూ ఉన్నాయంటే నేనూ దాన్ని ముట్టుకోను, వదిలేయండి. ఆకుపచ్చ మీద అంత మనసుంటే సొరుగుల లోపల అడుగున రంగు కాగితం పరుచుకోండి, తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది, చెక్కకి ఏమీ కాదు. కానీ వేరేవాళ్ళకి ఒక సంగతి, ఇలాంటి ఎర్ర చెక్క మీద ఎప్పుడైనా తెల్ల పెయింట్ వేయాల్సి వస్తే మామూలు ప్రైమర్ చాలదు. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే రంగు పదార్థం పైకి ఊరి వారం తిరక్కముందే పసుపు, గులాబీ మరకలు తేలతాయి, మీద ఇంకో మూడు పూతలు వేసినా అవి మళ్ళీ వస్తాయి. దాన్ని ఆపేది షెల్లాక్ ప్రైమరే.

కొత్తకాపురం
పిడులు మార్చుకోవచ్చా అయితే? అందులో ఒకటి విరిగింది.

చిత్రిక
మార్చుకోండి, కానీ కొత్త రంధ్రాలు పెట్టకండి. రెండు స్క్రూల మధ్య దూరం ఒక రంధ్రం నడిమధ్య నుంచి ఇంకోదాని నడిమధ్యకి కొలవండి. ఇప్పుడొచ్చే పిడులు ఎక్కువగా 96 లేదా 128 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి, పాతవాటికి అవి సరిపోకపోవచ్చు. అలాగైతే వెనక వెడల్పాటి పట్టీ ఉన్న పిడి తీసుకోండి, పట్టీలో మీ పాత రంధ్రాలకి సరిపడా బెజ్జాలు వేయించుకోవచ్చు, చెక్క జోలికి వెళ్ళక్కర్లేదు. మిగతా మూడు పాత పిడులు పారేయకండి, విరిగినదానికి అచ్చు వేసి పోతపోసేవాళ్ళు దొరికితే నమూనాకి అవే కావాలి.