జిన్నింగ్ అయిపోయాక కూడా దూదికి అంత చాకిరీ ఎందుకు?

నూలుపోగు: 1793లో ఎలీ విట్నీ గింజ తీసే యంత్రం, అదే జిన్ను, వచ్చాక గింజల బెడద తీరింది కదా. మరి ఆ కాలపు ఇంగ్లండ్ లాంకషైర్ నూలు మిల్లుల్లో కదురు దాకా వెళ్ళడానికి దూది అన్ని యంత్రాలు దాటాల్సిన పనేంటి? నేరుగా వడికేస్తే పోలా?

బ్లోరూమ్ బాబాయ్: ఇరవై ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లు బ్లోరూములో, అంటే బేళ్ళు విప్పి దూది శుభ్రం చేసే చోట, చేశానండీ, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడిగేదే ఇది. జిన్ను గింజ తీస్తుంది, అంతే. ఆకు పొట్టు, ఇసుక, గింజ ముక్కలు దూదిలోనే ఉండిపోతాయి. పైగా అమెరికా నుంచి లివర్‌పూల్‌కి ఓడలో రావాలని దూదిని బేళ్ళుగా, అంటే పెద్ద మూటలుగా, అదిమి కట్టేవారు. విప్పేసరికి దూది అట్టలు కట్టి ఉండేది.

మొదట్లో దాన్ని విడదీసింది మనుషులే. నులక మంచంలా తాళ్ళు బిగించిన చట్రం మీద దూది పరిచి, ఆడవాళ్ళు రెండు చేతులా బెత్తాలతో బాదేవాళ్ళు. పొట్టూ దుమ్మూ తాళ్ళ సందుల్లోంచి రాలేవి, దూది పైన పొంగేది. మిగిలిన నలుసులు వేళ్ళతో ఏరడమే. 1797లో గ్లాస్గోలో స్నాడ్‌గ్రాస్ అనే ఆయన స్కచర్ అనే బాదే యంత్రం చేశాక ఆ దెబ్బలు అదే వేసింది. సన్న నూలు తీసేవాళ్ళు మాత్రం చాలాకాలం బెత్తాలు వదల్లేదు. ఇనుప దెబ్బకి పొడుగు పీచు తెగుతుంది మరి.

ముళ్ళపట్టీ: బాబాయ్ గారూ, కార్డింగ్, అదే దూది దువ్వడం, వదిలేశారు! ఎంత బాదినా పీచు అడ్డదిడ్డంగానే ఉంటుంది, దువ్వాలి. తోలు పట్టీకి వంకర తీగ ముళ్ళు గుచ్చి, దాన్ని డ్రమ్ముకి చుట్టి దువ్వడానికి 1748లోనే లూయిస్ పాల్ పేటెంట్ తీసుకున్నాడు. చిక్కల్లా ముళ్ళకు పట్టిన దూదిని ఊడదీయడం దగ్గరే. నూలు వడికే యంత్రాల ఆర్క్‌రైట్ 1775 పేటెంట్లో ఓ దువ్వెన ఉంది. క్రాంకుతో పైకీ కిందకీ ఆడుతూ దూదిని పల్చటి తెరలా ఒలుస్తుంది. ఆ తెరను గరాటులోంచి లాగితే తెగని ఏకు, అంటే వడకడానికి సిద్ధమైన దూది తాడు. ఆ పేటెంటు 1785లో కోర్టులో కొట్టుకుపోయిందనుకోండి, అది వేరే కథ.

నూలుపోగు: ఇప్పుడర్థమైంది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ మిల్లుల్లో బాదే యంత్రాలకి విడిగా చిన్న భవనం ఉండేదట. చోటు లేకనా?

బ్లోరూమ్ బాబాయ్: నిప్పు భయం. రాయో మేకో బీటరుకి, అదే దూదిని బాదే ఇనుప భాగానికి, తగిలి రవ్వ లేచిందంటే గాల్లో ఆడే దూది ధూళి భగ్గుమంటుంది. మా షిఫ్టులో బేలుకి కట్టిన ఇనుప పట్టీ ముక్క ఒకటి లోపలికి పోయింది. కన్ను మూసి తెరిచేలోగా దూది వెళ్ళే గొట్టం డక్టంతా పొగ. ఆ మర్నాటి నుంచి బేలు విప్పగానే పట్టీలు లెక్కపెట్టి పక్కన పెట్టేదాకా మోటారు వేయనిచ్చేవాణ్ణి కాదు.