రేపటి ప్రోగ్రాం పాటలు, ఈరోజు రాత్రి 9 లోపు!!

కల్చరల్ అక్క: అందరికీ నమస్తే. కుర్చీలు, వేప పువ్వు, బ్యానరు ఎవరెవరో లిస్టు కింద పెడతా గానీ ముందు ఇది చూడండి. హాల్ సౌండ్ అతను తన విండోస్ లాప్‌టాప్ నుంచే వేస్తాడంట, అన్నీ ఎంపీ3లే కావాలంట, 9 దాటితే తీసుకోడంట. 11 పాటల్లో 3 ఇంకా సరిగ్గా అందలేదు: కోలాటం, కూచిపూడి, చిన్నపిల్లల డాన్సు.

కోలాటం వదిన: నేను మూడుసార్లు మెయిల్ చేశా. మా ఇంట్లో బానే మోగుతోంది.

సౌండ్ తమ్ముడు: వదినా మీరు పంపింది 2 కేబీ. అది ప్లేలిస్టు, ఎం3యూ, అందులో పాట ఉండదు, మీ కంప్యూటర్లో పాట ఎక్కడుందో ఆ అడ్రస్ ఉంటుంది అంతే. శుభలేఖ పంపేసి భోజనం పెట్టాం అన్నట్టుంది.

కోలాటం వదిన: వెటకారాలు తర్వాత. రెండు నెలల్నుంచి 16 మందిని పోగేసి నేర్పిస్తున్నా, ఇంత తెలిసినోడివి ముందే వచ్చి తీసుకెళ్ళొచ్చుగా?

ట్రెజరర్ అన్న: ఇద్దరూ కాస్త ఆగండమ్మా. పిల్లలది నా తప్పే, మాక్‌లో గరాజ్‌బ్యాండ్ అనే మ్యూజిక్ యాప్‌లో కట్ చేసి, పాట బదులు ఆ ప్రాజెక్టు ఫైలే పంపేశా, విండోస్‌లో తెరుచుకోదంట. ఎంపీ3 చేసి మళ్ళీ పంపా.

కూచిపూడి అక్క: నా మెయిల్ వెనక్కొచ్చేసింది, 8 నిమిషాలు, 80 ఎంబీ.

సౌండ్ తమ్ముడు: అది కుదించని వేవ్ ఫైల్ అక్కా, నిమిషానికి 10 ఎంబీ. జీమెయిల్‌లో అటాచ్ చేస్తే 25 ఎంబీ దాటకూడదు. 192 కేబీపీఎస్ క్వాలిటీలో ఎంపీ3 చెయ్యండి, 12 ఎంబీ లోపే వస్తుంది. వదినా, అసలు ఫైల్ దొరికిందా? ఇందాక అన్నదానికి సారీ.

కోలాటం వదిన: దొరికింది, కానీ అది నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో డౌన్‌లోడ్ చేసింది. మావారి లాప్‌టాప్‌లో వేస్తే కూడా మోగట్లేదు.

సౌండ్ తమ్ముడు: దానికి లాక్ ఉంటుంది వదినా, ఎవరికి పంపినా అంతే.

కల్చరల్ అక్క: 8:20 అయింది.

కోలాటం వదిన: మా అత్తయ్య ఊళ్ళో కోలాటానికి పాడేవారు, ఇందాకట్నుంచి పక్కనే కూర్చుని ఇదంతా వింటున్నారు, నేనే పాడతా లేవే అంటున్నారు. పల్లవి ఒకటే, ఎన్నిసార్లు తిప్పాలంటే అన్నిసార్లు తిప్పుతారంట.

సౌండ్ తమ్ముడు: 10 పాటలు పంపేశా, కోలాటం లైవ్ అని రాశా. అత్తయ్యగారికి స్టాండ్ మైకా, చేతి మైకా?

కోలాటం వదిన: స్టాండే. ఒక చేత్తో తాళం వెయ్యాలిగా. కుర్చీ కూడా ఒకటి వెయ్యి తమ్ముడూ, మోకాళ్ళు.