దత్తత పాపకి సవర గిరిజనుల బొమ్మలు గీయడం నేర్పించాలని ఉంది, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా పాపకి 11 ఏళ్ళు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు దత్తత తీసుకున్నాం, ఆ సంగతి తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. కన్నతల్లి సవర, తండ్రి ఒడియా అని మాత్రం తెలుసు.

మొన్న కళల మేళాకి తీసుకెళ్ళాను. తప్పెటగుళ్ళు చూసి గంతులేసింది. పక్కనే సవర బొమ్మల స్టాల్. ఎర్రమట్టి రంగు మీద సన్నటి తెల్ల గీతలు, వరసగా చేతులు పట్టుకుని ఆడే మనుషులు, పైన సూర్యుడు, చంద్రుడు. ఆ వరస మీద వేలు జరుపుతూ వెళ్ళి ఇద్దరి మధ్య ఆపి, "అమ్మా, నేను వీళ్ళ మనిషినా, మీ మనిషినా?" అంది. "రెండూనమ్మా" అన్నాను. ఆ జవాబు సరిపోలేదని దాని మొహం చూస్తేనే తెలిసింది.

కన్నవాళ్ళ వివరాలు వెతకడం గురించి కాదు నేనడిగేది. 18 దాటాక తనే కారాకి (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఈలోపైతే మాతో కలిసి. ఇప్పుడు ఆ చేతులకి రంగు అంటాలి, అంతే.

సీతంపేట వైపు పిల్లలకి బొమ్మలు నేర్పే సవర కుటుంబాలు తెలుసా? అవి వాళ్ళకి పూజతో ముడిపడినవి, ఉత్త అలంకారం కాదు. మేం వెళ్ళి అడిగితే తప్పుగా అనుకుంటారా? ఒడియా వైపు ఏం చూపించాలో కూడా తోచడం లేదు, ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరే కదా.

"ఇవన్నీ గుర్తుచేస్తే పిల్ల మనకి దూరమైపోతాది" అని మా అత్తగారి భయం. దత్తతలో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ వయసులో మీకేది ఊరటనిచ్చిందో దయచేసి చెప్పండి.