ఇన్నోవా ఇంజిన్ బే, అండర్‌బాడీకి డ్రై ఐస్ బ్లాస్టింగ్: తుప్పు పోతుందా, నీటి చుక్క నిజంగా ఉండదా?

గాజువాక_డీజిల్

2011 ఇన్నోవా 2.5 డీజిల్, 1,90,000 కిలోమీటర్లు. సముద్రానికి దగ్గర, పార్కింగ్ ఆరుబయటే. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) దగ్గర ఆయిల్ చెమ్మ, దానికి దుమ్ము పట్టి ఇంజిన్ ఒక పక్కంతా నల్లగా అట్ట కట్టింది. కింద ఛాసిస్ మీద పాత నల్ల కోటింగ్ పొరలు పొరలుగా లేస్తోంది, లోపల తుప్పు కనిపిస్తోంది.

ప్రెషర్ గన్‌తో కొట్టిస్తే కనెక్టర్లలోకి నీళ్లు పోతాయని ఆగాను. ఒక షాపు వాళ్లు డ్రై ఐస్‌తో చేస్తామంటున్నారు. "తుప్పు కూడా లేచిపోతుంది, నీటి చుక్క ఉండదు" అని వాళ్ల మాట. ఇందులో నిజమెంత? ఐస్ ఎంత పడుతుంది, మామూలు కంప్రెసర్ సరిపోతుందా, తర్వాత ఏ కోటింగ్ వేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పానా_14

రెండు మాటలూ సగం సగం నిజాలే.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీలు. దాన్ని చిన్న గింజలుగా (పెల్లెట్లు) కంప్రెసర్ గాలితో చిమ్ముతారు, ఆ వేగానికి గింజ వెళ్లి మురికిని కొడుతుంది. ఆ చలికి గ్రీజు మడ్డి బిగుసుకుని పెళుసెక్కి పగుళ్లిస్తుంది. పగుళ్లలోకి దూరిన గింజ కరిగి నీరవదు, నేరుగా గ్యాసై కొన్ని వందల రెట్లు ఉబ్బి, పొరను కింద నుంచి లేపేస్తుంది. అందుకే ఆయిల్ మడ్డి, మైనం, లేచిపోతున్న పాత కోటింగ్ మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గింజ మాత్రం మెత్తన, ఇసుకలా లోహాన్ని గీకలేదు. కాబట్టి పెచ్చులుగా ఉన్న తుప్పు రాలుతుంది, లోహాన్ని కరుచుకున్న తుప్పు అలాగే ఉంటుంది. అది వైర్ బ్రష్ పని, లేదా నీడిల్ స్కేలర్ (సూదులతో కొట్టి తుప్పు రాల్చే పరికరం) పని.

గాలి దగ్గరే చాలా షాపులు దెబ్బతింటాయి. 3 మి.మీ. పెల్లెట్ మెషీన్‌కి 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 100 సీఎఫ్ఎం (నిమిషానికి వచ్చే గాలి, ఘనపు అడుగుల్లో) పైన గాలి ఆగకుండా రావాలి, అంటే ఎడతెగకుండా గాలిచ్చే పెద్ద స్క్రూ కంప్రెసర్ ఉండాల్సిందే. టైర్ల షాపులో ఉండే 3 హెచ్‌పీ పిస్టన్ కంప్రెసర్ ఇచ్చేది 10, 12 సీఎఫ్ఎం. ట్యాంకులో ఉన్న గాలితో అర నిమిషం బాగా కొట్టి, తర్వాత గింజలు బయటికి జారిపడతాయి తప్ప దెబ్బ ఉండదు. డ్రై ఐస్ దిమ్మను గీకి సన్నని పొడి చేసి కొట్టే చిన్న మెషీన్లు తక్కువ గాలితో నడుస్తాయి. ఇంజిన్ బేకి నిజానికి అవే మేలు, సన్నగా కొడతాయి కనుక వైర్లకు ప్రమాదం తక్కువ. ఛాసిస్ మీద మాత్రం వాటితో పొద్దుపోతుంది.

గాలి పొడిగా ఉండాలి. కంప్రెసర్ తర్వాత ఆఫ్టర్‌కూలర్ (గాలిని చల్లార్చేది), డ్రయర్ (తేమ తీసేది) లేకపోతే గాలిలోని తేమ హోస్‌లోనే గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది. "మెషీన్ దగ్గుతోంది" అని మాటిమాటికీ ఆపుతున్నారంటే సగం సార్లు కారణం ఇదే. మిగతా సగం పాత ఐస్. మంచి డబ్బాలో ఉన్నా రోజుకు 5 నుంచి 10 శాతం ఆవిరైపోతుంది, మిగిలింది గాలిలో తేమ పట్టి గడ్డలు కడుతుంది. వచ్చిన రోజే వాడేయాలి.

ఐస్ లెక్క: ఫీడ్ (మెషీన్ వాడే ఐస్) గంటకు 30 కిలోలు పెట్టుకుంటే ఇంజిన్ బేకి 15 నుంచి 25 కిలోలు. ఇన్నోవాది లాడర్ ఛాసిస్ (నిచ్చెనలాంటి ఫ్రేమ్), మూలలు ఎక్కువ. కింద మొత్తం చేయాలంటే మూడు గంటలు, 80, 90 కిలోలకు తక్కువ అనుకోకండి. "20 కిలోలతో బండి మొత్తం" అన్నవాళ్లు పైపైన తుడిచి పంపిస్తారు.

ప్రెషర్ విషయం. ఇంజిన్ బేలో 40, 50 పీఎస్ఐతో మొదలుపెట్టి, ఎవరికీ కనిపించని మూల ఒకటి చూసుకుని పరీక్షించాలి. నాజిల్ 15, 20 సెం.మీ. దూరంలో, కాస్త వాలుగా, ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఛాసిస్ మీద 80 నుంచి 100 దాకా పోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కొడితే పగులు రావచ్చు.

కొట్టకూడనివి: రేడియేటర్, ఏసీ కండెన్సర్ రెక్కలు (వంగిపోతాయి), బానెట్ కింద దూది లాంటి లైనింగ్, ఎండకు పెళుసెక్కిన వైర్ టేపు, స్టిక్కర్లు. మీ ఇంజిన్‌కి ముందు టైమింగ్ బెల్ట్ కవర్ ఉంటుంది. దాని అంచు సందుల్లోకి నేరుగా కొడితే రాలిన మడ్డి బెల్ట్ మీదికి పోతుంది. ఆ అంచు టేపుతో మూయించండి. ఇంటేక్ పైపు, ఆల్టర్నేటర్ కూడా కప్పాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. గన్‌కీ బండికీ ఎర్త్ కట్టాలి, పొడి గాలికి స్టాటిక్ బాగా పుడుతుంది.

కాకినాడ_కోటింగ్

పైన అన్నీ సరిగ్గా చెప్పారు. ఒక్క ఉప్పు సంగతి మిగిలింది, సముద్రం పక్క బండికి అసలు సంగతి అదే.

డ్రై ఐస్ ఉప్పును కరిగించదు. ఉప్పుకు నీళ్లే మందు. తుప్పు గుంటల్లో, అతుకుల సందుల్లో దాగిన ఉప్పును అలాగే వదిలి పైన కోటింగ్ వేస్తే, కోటింగ్ కింద హాయిగా తింటూ కూర్చుంటుంది. "నీటి చుక్క తగలకూడదు" అన్న పంతం ఇంజిన్ బే వరకే పెట్టుకోండి. కింద భాగాన్ని రెండు రోజుల ముందు మామూలు మంచినీళ్లతో, తక్కువ ప్రెషర్‌తో, తీరిగ్గా కడిగించండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వద్దు. ఛాసిస్ రైల్ రంధ్రాల్లోంచి లోపలికి కూడా పైపు పెట్టి, బురద పోయి తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. ఆరిన తర్వాతే డ్రై ఐస్.

"నీటి చుక్క ఉండదు" అన్నదాంట్లో ఇంకో మెలిక. ఐస్ నీరవదు సరే, చల్లబడిన లోహం మీద గాలిలో తేమ పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు. కోస్తాలో వానాకాలం అయితే ఛాసిస్ తడిసి కారుతుంది. కోటింగ్ పోయి బయటపడ్డ లోహానికి ఆ తేమ చాలు, సాయంత్రానికి ఎర్రటి పూత కనిపిస్తుంది. కనెక్టర్లలో కూడా అంతే. పని కాగానే వేడి గాలి బ్లోయర్‌తో ఆరబెట్టి, లోహం మామూలు వేడికి వచ్చాక బ్యాటరీ కలపాలి. డిసెంబర్, ఫిబ్రవరి మధ్య చేయిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

కోటింగ్ క్రమం: మిగిలిన తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు), అది పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ (లోహాన్ని గట్టిగా పట్టుకునే అడుగు పూత), దాని మీద అండర్‌బాడీ కోటింగ్. పెట్టె ఆకారంలో ఉన్న ఛాసిస్ రైళ్ల లోపలికి ఇవేవీ కావు. పొడుగాటి ట్యూబు, అన్ని వైపులా చిమ్మే నాజిల్ పెట్టి కావిటీ వ్యాక్స్ (లోపలి బోలు భాగాలకు కొట్టే మైనం) కొట్టించాలి. ఇన్నోవా ఛాసిస్ ఎక్కువగా లోపల నుంచే తినబడుతుంది, బయట నల్లగా మెరిసినా లాభం లేదు. నీళ్లు పోయే రంధ్రాలు మూయనివ్వకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద కోటింగ్ వేస్తే బ్యాలెన్స్ పోయి వణుకు వస్తుంది. ఎగ్జాస్ట్, బ్రేక్ డిస్కులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, రబ్బరు బుష్షుల మీద కూడా పడకూడదు.

నన్నడిగితే డబ్బు పరిమితంగా ఉంటే డ్రై ఐస్ ఇంజిన్ బేకి, బ్రేక్ పైపులూ వైరింగూ ఉన్న చోట్లకి పెట్టండి. ఖాళీ ఛాసిస్‌కి గీకుడు పార, వైర్ బ్రష్, రెండు రోజుల కూలీ చాలు.

ఉప్పల్_బానెట్

అన్నా, ముందుగాల ట్యాపెట్ కవర్ గాస్కెట్ మార్పించు. లీకు బంద్ చెయ్యకుండ మీద మెరిపిస్తే నెలకే మళ్ల గదే కథ. ఇంకోటి, మడ్డి పట్టి ఆగిన లీకులు కూడ ఉంటయి. ఫ్రంట్ ఆయిల్ సీల్, సంప్ గాస్కెట్ కాడ మడ్డి పోంగనే కారుడు షురూ అయితది. మిషిన్ కరాబ్ చేసిందని లొల్లి పెట్టకు, లీకు పాతదే, ఇప్పుడు కనవడ్డది గంతే. క్లీనింగ్ అయినంక ఆయిల్‌ల యూవీ డై (నల్ల లైటుకి మెరిసే రంగు) పోసి, 200 కిలోమీటర్లు నడిపి, నల్ల లైటు (యూవీ లైటు) కొట్టి చూస్తే ఏ మూలకెళ్లి వస్తుందో సాఫ్ కనవడ్తది. డీజిల్‌కి పనిచేసే ఆయిల్ డైయే తీస్కో.

పెయింట్ మీద ప్లాస్టిక్ కప్పుమను. మడ్డి ఎగిరి ఫెండర్ల మీద, అద్దాల మీద పడ్తది.

గాజువాక_డీజిల్

అందరికీ ధన్యవాదాలు. గాస్కెట్ ముందు, ఉప్పు కడగడం తర్వాత, అర్థమైంది. షాపులో లిఫ్ట్ లేదు, పిట్ (బండి కింద దిగి పనిచేసే గొయ్యి) మీద పెట్టి చేస్తారట. షెడ్డుకి ఒకటే షట్టరు, చప్పుడు బయటికి పోకుండా దించేస్తామన్నారు. కంప్రెసర్ షెడ్డు లోపలే ఉంది. సమస్యా?

పానా_14

సమస్య కాదు, ప్రాణం మీదికి తెచ్చే పని. ఆ షాపులో వద్దు.

లెక్క చూడండి. ఒక కిలో డ్రై ఐస్ నుంచి సుమారు 550 లీటర్ల గ్యాస్ వస్తుంది. 6 మీటర్ల పొడవు, 4 వెడల్పు, మూడున్నర ఎత్తు షెడ్డు అంటే 84 ఘనపు మీటర్లు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతానికి, అంటే 40,000 పీపీఎంకి చేరితే మనిషి తక్షణ ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. మూసిన ఆ షెడ్డులో అందుకు 6 కిలోల ఐస్ చాలు. గంటకు 30 కిలోల ఫీడ్‌లో 12 నిమిషాల పని. మీ బండికి వీళ్లు కొట్టాల్సింది 80 కిలోల పైనే.

పిట్ ఇంకా ఘోరం. ఈ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, గోతిలోకి నీళ్లలా దిగి నిలుస్తుంది. మనిషి నిలబడేది అక్కడే. వాసన రాదు. తలనొప్పి, ఆయాసం మొదలయ్యాక మెట్లెక్కే ఓపిక ఉండకపోవచ్చు. ఒకడు పడిపోతే లాగడానికి దిగినవాడూ పడిపోతాడు.

మాస్క్ పెట్టుకుంటాం అంటే నమ్మకండి, దుమ్ము మాస్కూ బొగ్గు ఫిల్టరూ ఈ గ్యాస్‌ని ఆపవు. ఆక్సిజన్ మీటర్ ఉందన్నా చాలదు. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ 20 శాతం దగ్గరే ఉంటుంది, 19.5 దగ్గర మోగే అలారం మోగనే మోగదు. కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటరే కావాలి, పనిచేసేవాడి నడుము ఎత్తులో. కంప్రెసర్ లోపల ఉంటే అదే గ్యాస్‌ని పీల్చి మళ్లీ నాజిల్‌లోంచి ముఖం మీదికి పంపుతుంది.

టూ పోస్ట్ లిఫ్ట్ (రెండు స్తంభాల మధ్య బండిని పైకి లేపేది), రెండు వైపులా తెరిచిన షెడ్డు, నేల మట్టంలో గాలిని బయటికి తోసే పెద్ద ఫ్యాన్, కంప్రెసర్ బయట. ఇవి ఉన్న చోటుకే వెళ్లండి. చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవులకు మఫ్స్, ముఖానికి షీల్డ్, చేతులకు చలిని ఆపే గ్లవ్స్ వాళ్లకు ఉన్నాయా చూడండి. ఐస్ మీరే తెస్తానంటే డబ్బా మూత గాలి చొరబడకుండా బిగించొద్దు, పేలుతుంది. బండి కిటికీలు దించి, ఏసీ రీసర్క్యులేషన్ ఆపి తెండి.

కాకినాడ_కోటింగ్

పిట్ మాట చూసి మళ్లీ వచ్చాను. లిఫ్ట్ ఉన్న షాపు దొరక్కపోతే ఆ పని మానేయండి, వేరే దారి ఉంది. ఇంజిన్ మడ్డికి డీగ్రీజర్ కొట్టి 10 నిమిషాలు నాననిచ్చి, పెయింట్ బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడవడమే. రెండు మూడు విడతలు పడుతుంది. కనెక్టర్లకు ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. రాలిన మడ్డి, ఆ గుడ్డలు కాలవలో వేయకుండా వాడిన ఆయిల్‌తో పాటు ఇచ్చేయండి, డ్రై ఐస్‌తో చేయించినా నేల మీద మిగిలే మడ్డి అంతే ఉంటుంది.